బండలాయన ఇంటి ముందర చెక్క బెంచీ

"బండలు అమ్ముకునేవాని ఇంటి ముందర చెక్క బెంచీ ఏందీ?"

మా ఆయన ఈ మాట అడగడం ఆ వారంలో అది నాలుగోసారి. అడిగిన ప్రతిసారీ చేతిలో ఏదో ఒకటి పట్టుకుని గాల్లో ఊపేవాడు. ఆ పొద్దు ఇడ్లీ ముక్క ఊపాడు.

"అరుగు బండ కాలుతాది నాయనా," అంది మా అమ్మాయి సౌమ్య.

"రాత్రికి చల్లబడ్తాది."

"జేజి కూచునేది సాయంత్రం ఐదుకు. రాత్రికి కాదు."

"మా నాయన పదిహేనేండ్లు అదే అరుగు మీద కూచున్నాడు. ఏం కాలింది ఆయనకు?"

వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూచున్న మా అత్త తలెత్తకుండానే జవాబు చెప్పింది. "మీ నాయన దుప్పటి నాలుగు మడతలేసుకోని కూచుంటాండె. ఆ దుప్పటి నేను ఉతుకుతాంటి."

మా ఆయన ఇడ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

మాది నంద్యాల. మా ఆయన జనార్దనానికి ఊరి బయట బేతంచెర్ల బండల డిపో ఉంది. కాబట్టి మా ఇంట్లో నేల బండ, మెట్లు బండ, అరుగు బండ, వంటగట్టు బండ. ఒకసారి పెరుగు గిన్నె మీద మూతగా కూడా చిన్న బండముక్క పాలిష్ పట్టించి తెచ్చాడు. మా ఇంటికి చుట్టాలొస్తే మనుషుల్ని పలకరించే ముందు నేలను పలకరించాలి. అటువంటి ఇంటి ముందు చెక్క బెంచీ వేయడమంటే ఆయనకు మిఠాయి కొట్టాయన పక్క కొట్టులో లడ్డు కొనుక్కున్నట్టు.

కానీ అత్తకు ఫిబ్రవరిలో కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. తక్కువ ఎత్తులో కూచోవద్దన్నారు డాక్టరు. మా అరుగు అడుగు ఎత్తు. కూచోవడం ఎవరి సాయమూ లేకుండా కూచునేది, లేవాలంటే మాత్రం ఇద్దరు కావాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ నేనే. ప్లాస్టిక్ కుర్చీ వేశాం. నున్నటి పాలిష్ బండ మీద దాని వెనక కాలు జారి, అత్త నిదానంగా, ఎవరో పట్టుకుని దించినట్టుగా, గులాబీ కుండీలో కూచుంది. ఆమెకేమీ కాలేదు. గులాబీ చెట్టు బతకలేదు.

అప్పట్నుంచి అత్త సాయంత్రాలు బయటికి రావడం మానేసింది. అంతవరకు మా వీధిలో ఎవరు పోయినా అరుగు మీద మా అత్తకు లెక్క చెప్పి పోవాల్సిందే. సంచిలో ఏం కూరగాయలు, పిల్లకు ఎన్ని మార్కులు, అల్లుడు మళ్లీ అలిగాడా. ఇప్పుడు ఆ కొలువంతా నా వంటింటి గుమ్మంలోకి మారింది. అక్కడ పోయేదాన్నీ వచ్చేదాన్నీ నేనొక్కదాన్నే.

"ఉప్పు ఎన్నిసార్లేస్తావ్ మే?"

"ఒక్కసారే అత్తా."

"రెండుసార్లు చెయ్యి పోయింది. చూస్తాండా."

నా స్వార్థం దాచుకోను. అత్త బయట కూచోకపోతే లోపల కూచుంటుంది. బెంచీ కావాలని ఆ ఇంట్లో అందరికంటే గట్టిగా కోరుకున్నది నేను.

ఆ ఆదివారం ఆళ్లగడ్డ నుంచి మా మరిది మహేష్ ఫోన్ చేశాడు. అత్త స్పీకర్లో మాట్లాడుతుంది, ఇంటికంతా వినపడుతుంది.

"ఈడ బయట కూచోను చోటు లేకపాయె రా. వానలు పడినాక మీ ఇంటికొస్తా."

"రా మా. ఎన్ని దినాలుంటావ్?"

"ఉండేదానికే వస్తా."

మహేష్ ఇల్లు మిద్దె మీద. బజారు పైకి బాల్కనీ ఉంది. పైనుంచి చూస్తే మనుషుల నెత్తులు తప్ప ముఖాలు కనపడవని అత్తే అనేది. నేను ఈ ఇంటికొచ్చిన ఇరవై ఆరేళ్లలో ఆమె ఎక్కడికి పోయినా నాలుగో రోజు తిరుగు బస్సులో ఉండేది.

మా ఆయన పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పలేదు. కాసేపటికి, ఎవరితోనూ కాదన్నట్టు, "ఆ ఓబులేసును పిలిపియ్యి," అన్నాడు.

* * *

వడ్రంగి ఓబులేసు వచ్చి అందరికంటే ముందు అడిగిన ప్రశ్న, "బెంచీ ఎవురికి?"

"ఇంటికి," అన్నాడు మా ఆయన.

"ఇల్లు కూచోదు గదన్నా. కూచునేదెవురు?"

అత్తను గోడకు ఆనించి నిలబెట్టి, పాదం నుంచి మోకాలి వెనక మడత దాకా టేపు పట్టాడు. పదహారున్నర అంగుళాలు. అంతకంటే ఎత్తయితే కాళ్లు వేలాడతాయి, తక్కువయితే లేవలేదు. చేతులు మోపి లేవడానికి రెండు పక్కలా చెక్కలుండాలి. కూచునే చెక్కల మధ్య వేలు దూరేంత సందు వదలాలి, వాన నీళ్లు నిలవకుండా. మొలలు వద్దు, మరలు. వాటి తలలు చెక్కలోకి దిగాలి, చీర పట్టుకోకుండా. ఇవన్నీ చెప్పి, "కొత్త చెక్క వద్దక్కా," అన్నాడు నాతో. "మన ఎండకు మెలిక తిరుగుతాది. పాత టేకు ఉంటే చూడండి. దానికి ఎండా వానా కొత్తగాదు."

పాత టేకు మహేష్ దగ్గరుంది. ఆళ్లగడ్డలో మా పాత ఇల్లు ఏడేళ్ల కిందట రోడ్డు వెడల్పులో పోయింది. దాని వాకిలి చట్రమంతా విప్పి రేకుల షెడ్డులో పడేశారు.

"గురువారం నేను పోయి, ఏది పనికొస్తాదో చూసి పట్టుకొస్తా," అన్నాడు ఓబులేసు.

మా ఆయనకు గురువారం దాకా ఆగడం చేతకాలేదు. అసలు బెంచీయే వద్దన్న మనిషి, ఒప్పుకున్నాక రేపటికే కావాలన్నాడు. మంగళవారం ఆళ్లగడ్డలో బండలు దించి ఖాళీగా వస్తున్న తన లారీలో ఆ చట్రమంతా ఎక్కించాడు. శిరివెళ్ల దగ్గర సామిల్లులో ఆపి, అన్నిటినీ ఒకే మందంలో పలకలుగా కోయించాడు. మా ఇంటి ముందుకు తెచ్చి, డిపోలో బండల్ని ఆనించినట్టే, వరసగా గోడకు నిలబెట్టించాడు. నడి ఎండలో.

గురువారం ఓబులేసు వచ్చి ఆ వరస చూసి నెత్తి పట్టుకున్నాడు.

"చెక్కను పండబెడ్తారన్నా. నిలబెడ్తే వంగుతాది."

"బండ వంగదే."

"ఇది బండ గాదు. నాకు చూపియ్యకుండా కోయించినావు. ఏది నిలువు పట్టెనో, ఏది పై పట్టెనో, ఇప్పుడెట్ల తెలిసేది?"

"చెక్క చెక్కే గదా," అన్నాడు మా ఆయన.

ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత ఆయన దీన్ని చాలాసార్లు వినాల్సి వచ్చింది.

పలకల్లో ఒకటి నడిమధ్య కొంచెం గుంత పడి ఉంది. మట్టి పట్టి నల్లగా ఉంది. దాన్ని పక్కన పెట్టబోయాడు ఓబులేసు. సౌమ్య రెండు ఇటుకల మీద దాన్ని పెట్టి కూచుని చూసింది. కళ్లు మూసుకుంది.

"అమ్మా, ఎవరో మనిషిని కొలిచి తీసినట్టుంది. దీన్నే మధ్యలో వేయమను."

చిత్రిక ఆ గుంతలోకి దిగదు. ఓబులేసు గరుకు కాగితంతో చేత్తోనే పైపైన రుద్ది, అంచులు గుండ్రం చేసి, బెంచీ నడుమ బిగించాడు.

మా ఆయన నాలుగు చిన్న బండముక్కలు తెచ్చి బెంచీ కాళ్ల కింద పెట్టాడు. చెమ్మ ఎక్కకుండా, చెద పట్టకుండా. ఆ పని ఓబులేసు కూడా మెచ్చుకున్నాడు. అది చాలు. వచ్చిన ప్రతివాడికీ కిందికి వంగి చూపించేవాడు. "బెంచీ చూడొద్దప్పా. కింద చూడు. బండ లేకుంటే నిలబడ్తాందా?"

* * *

మే నెల చివర, ఐదు గంటలకు, అత్త బెంచీ మీద కూచుంది. పాదాలు రెండూ నేలకు ఆనాయి. గుంతలో సర్దుకుంది. కర్ర పక్కన పెట్టింది. వీధిలోకి చూసింది.

"ఏం వెంకటమ్మా, వంకాయలా? పుచ్చులు లేకుండా చూసుకున్నావా?"

ఎదురింటి వెంకటమ్మ సంచి విప్పి చూపించింది. కొలువు మొదలైంది.

నా వంటింట్లో పన్నెండు సాయంత్రాలు ఎవరూ లేరు. ఉప్పు నా ఇష్టం వచ్చినన్నిసార్లు వేశాను. ఒకరోజు ఊరికే స్టూలేసుకుని గుమ్మంలో కూచుని కాఫీ తాగాను. అత్త ఆళ్లగడ్డ ఊసు ఎత్తలేదు. మహేష్ అడిగితే, "ఇంకా వానలు పడలేదు కదరా," అంది.

పన్నెండో రాత్రి వాన పడింది.

ఓబులేసు ముందే చెప్పిపోయాడు. మొదటి వాన పడి, చెక్క బాగా ఆరినాక, అవిసె నూనె పాత గుడ్డతో పల్చగా రుద్ది, మిగిలింది తుడిచేయాలి. వంటనూనె పనికిరాదా అని మా ఆయన అడిగాడు. "చెనిక్కాయ నూనె పూస్తే చీమలు కూచుంటాయన్నా, పెద్దమ్మ గాదు," అన్నాడు.

మూడు రోజులు ఆరనిచ్చి, బుధవారం పొద్దున నేనూ సౌమ్యా గుడ్డలు పట్టుకుని కూచున్నాం. చేతులు, వీపు చెక్కలు, కాళ్లు అన్నీ నూనె తాగి తేనె రంగుకు వచ్చాయి. చివరికి మధ్య పలక. నూనె పడగానే గుంత చుట్టూ పచ్చగా తేలింది. మరక అనుకుని రుద్దాను. ఇంకా పచ్చబడింది. గుడ్డ కూడా పచ్చబడింది.

"ఏం రంగమ్మా ఇది?" అంది సౌమ్య.

వెనక కర్ర చప్పుడు. అత్త వచ్చి నిలబడింది. వంగలేక, నా చేతిలోని గుడ్డ తీసుకుంది. వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"ఇది గడప," అంది.

సౌమ్య తన చేతిలోని గుడ్డ కింద పెట్టింది.

"ముప్పై ఏండ్లు ప్రతి శుక్రవారం నేనే పసుపు పూసినా దీనికి. నా పెండ్లికి ముందు మా అత్త పూసింది. ఈ గుంత మా ఇంటికొచ్చినోళ్ల కాళ్లకు అరిగింది." కాస్త ఆగి, "పన్నెండు దినాలు దీని మీద కూచున్నా," అంది.

గడప మీద కూచోకూడదని మా ఇళ్లలో నడక రాని పిల్లకు కూడా తెలుసు. కూచుంటే దిగేదాకా తిడతారు. తిట్టేవాళ్లలో మా అత్త ముందుండేది. సౌమ్య చిన్నప్పుడు ఒకసారి కూచుంటే చీపురు కట్ట పట్టుకుని వచ్చింది.

మా ఆయన్ను స్నానంలోంచి పిలిచాను. తువ్వాలుతో వచ్చి తల్లి ముందు బడిపిల్లాడిలా నిలబడ్డాడు.

"పై పట్టె అనుకున్నా మా..."

"చెక్క చెక్కే గదా అంటివే," అంది అత్త.

ఆమె లోపలికి పోయి మహేష్‌కు ఫోన్ చేసింది. ఈసారి స్పీకర్ పెట్టలేదు. అయినా వినపడింది. "ఆదివారం కారు తీసుకరా. వానలు పడినాయి."

* * *

ఆ నాలుగు రోజులు మా ఇంటి ముందు విచిత్రంగా గడిచాయి. శుక్రవారం తెల్లారి అత్త బెంచీకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. బెంచీ మీద ఎవరూ కూచోలేదు. దాని ముందు నుంచి పోతూ వెంకటమ్మ చెప్పులు విడిచి దండం పెట్టుకుంది. పాలు పోసే ఆమె అది చూసి తనూ పెట్టుకుంది. మధ్యాహ్నానికి ఎవరో దాని మీద రెండు అరటిపండ్లు పెట్టిపోయారు.

"ఇంట్లో దేవుని గది ఉండంగా ఇదేందీ?" అని మా ఆయన మెల్లగా నన్నడిగాడు.

"మీరే కోయించినారు."

ఒక ఉపాయం ఆయనా చెప్పాడు. ఆ పలక తీసేసి, దాని చోట మంచి బేతంచెర్ల బండ ఒకటి బిగిద్దామని. సౌమ్య, నేనూ ఆయన వైపు చూశాం. ఆయన డిపోకు పోయాడు.

అత్త తన గదిలోంచి రావడం లేదు. వంటింటి గుమ్మంలో కుర్చీ ఖాళీగా ఉంది. శుక్రవారం రాత్రి పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. మా ఆయన ఒక ముద్ద తిని, మంచినీళ్లు తాగి, "అమ్మ చెప్పలేదా?" అన్నాడు.

"ఆమె రాలేదు."

ఆయన మిగతా అన్నం మజ్జిగతో తిన్నాడు. నేను కుర్చీ అక్కడే ఉంచాను.

శనివారం పొద్దున అత్త గదికి కాఫీ తీసుకెళ్లాను. ఆమె మంచం మీంచి లేస్తోంది. నేను చెయ్యి ఇచ్చాను, పట్టుకోలేదు. మంచం పక్కనే ఉన్న ద్వారబంధం పట్టుకుని లేచింది. లేచాక, అలవాటుగా, ఆ చేతివేళ్లు కళ్లకద్దుకుంది.

నేను కాఫీ గ్లాసుతో అలాగే నిలబడిపోయాను.

"అత్తా. గడపను చేత్తో పట్టుకోవచ్చా?"

"ఏం మాట మే అది? చేత్తోనే గదా మొక్కేది."

"బెంచీకి చేతులుగా వేయిస్తే? కూచునేదానికి కాదు. నువ్వు లేసేటప్పుడు పట్టుకునేదానికి."

అత్త మంచం మీద మళ్లీ కూచుంది. కాఫీ సగం తాగింది.

"కోయాల్సొస్తాది రెండు ముక్కలుగా," అన్నాను.

"మీ ఆయన కోసినాడు గదా ముందే. ఇంకో కోత దానికేం కొత్త?" అంది. మిగతా సగం తాగి, గ్లాసు నా చేతికిచ్చి, "నేను రేపు పోతాండా. మీ బెంచీ మీ ఇష్టం," అంది.

ఓబులేసు మధ్యాహ్నం వచ్చాడు. గడప పలకకు దండం పెట్టుకుని, ఊడదీసి, రెండు చేతులు చేశాడు. అరిగిన గుంత సరిగ్గా అరచెయ్యి పడే చోటికి వచ్చింది. పాత చేతుల చెక్క, ఇంకో పట్టె కలిపి మధ్యలో కొత్త పలక బిగించాడు. అత్తను బతిమాలి బయటికి తీసుకొచ్చి కూచోబెట్టాం.

ఆమె అటు కదిలింది, ఇటు కదిలింది.

"గట్టిగుండాది," అంది. కొంచెంసేపటికి, వీధి వైపు చూస్తూ, "పాపమో ఏమో గానీ, ఆ గడపే సుఖంగా ఉండె," అంది.

నాకు నవ్వొచ్చింది. సౌమ్య లోపలికి పరుగెత్తింది. మా ఆయన మాత్రం నవ్వలేదు. బండి తీసుకుని డిపోకు పోయి, బండల అంచులు అరగదీసే చేతి మిషను పట్టుకొచ్చాడు.

"అన్నా, అది రాయి మిషను!" అని అరిచాడు ఓబులేసు.

"గరుకు కాగితం బిళ్ల ఏసినాలే."

సాయంత్రం దాకా ఆ పలక మీద గుంత తీశాడు మా ఆయన. కొంచెం అరగదీయడం, "మా, కూచో," అనడం. ఆమె కూచోవడం, "కుడి పక్క ఇంకొంచెం," అనడం. మళ్లీ మిషను. ఆయన కనుబొమలు, మీసం, చెవుల మీద వెంట్రుకలు అన్నీ చెక్కపొడితో తెల్లబడ్డాయి. నాలుగోసారి కూచున్నప్పుడు అత్త ఏమీ అనలేదు. అంటే సరిపోయిందని అర్థం. ఆ రాత్రి ఓబులేసు చెప్పినట్టు నూనె గుడ్డ ఒకసారి తిప్పాడు, మిగిలింది తుడిచాడు. ఇన్నేళ్లలో ఆయన ఒక చెక్కను అంత సేపు ముట్టుకోవడం నేను చూడలేదు.

అత్త సంచి మాత్రం అప్పటికే సర్దుకుని తలుపు దగ్గర పెట్టుకుంది. బరువుగా ఉంది. నేను దాని పక్క నుంచి నాలుగుసార్లు నడిచాను, ముట్టుకోలేదు.

* * *

ఆదివారం ఎనిమిదింటికల్లా మహేష్ కారు వచ్చింది. వాని భార్య పూర్ణిమ కూడా వచ్చింది. అందరం ఇంటి ముందే నిలబడ్డాం. అత్త బెంచీ మీద కూచుని ఉంది, ఇస్త్రీ చీరలో, పాదాలు నేలకు ఆనించి.

"పోదామా మా? ఎండెక్కకముందే," అన్నాడు మహేష్.

అత్త రెండు అరచేతులూ గడప ముక్కల గుంతల్లో ఆనించి, లేచి నిలబడింది. కర్ర లేదు. నా చెయ్యీ లేదు. వేళ్లు కళ్లకద్దుకుంది. మహేష్ పోయి కారు తలుపు తీశాడు. మా ఆయన నేల బండ వైపు చూస్తున్నాడు.

అత్త మళ్లీ కూచుంది.

"లేయనొస్తాదా లేదా అని చూసుకుంటి," అంది. తర్వాత, వంకాయలు ఎట్లున్నాయని అడిగే గొంతుతోనే, "మహేషూ, ఆ సంచిలో మామిడికాయ ఊరగాయ ఉండాది, జాడీ కదలకుండా చీరలు చుట్టినా. చీరలు మళ్లీ పంపీ. నేను ఈన్నే ఉంటా," అంది.

మహేష్ కారు తలుపు వేశాడు. మా ఆయన వంగి, బెంచీ కాళ్ల కింద బండముక్కలు సరిగా ఉన్నాయో లేదో, ఆ అవసరమేమీ లేకపోయినా, ఒక్కొక్కటీ కదిపి చూడసాగాడు.

"మే," అంది అత్త నా వైపు తిరిగి. "వీళ్లు తినిపోతారు. పప్పు పెట్టు. ఉప్పు వేసేటప్పుడు నన్ను పిలువు, లేచొస్తా."